నాన్నగారి కోసం చిన్న బండి: షోరూమ్‌కి వెళ్ళి ఎలా నడిపి చూడాలి

కొనేముందు షోరూమ్ వాళ్ళు బండి నడిపి చూడనిస్తారా అని అడిగారు కదా, ట్రయల్ ఇస్తారండి. మెయిన్ డీలర్ దగ్గర మొహమాటపడకుండా అడిగితే ఇస్తారు. అయితే ఆ బండి నడిపి చూడాల్సింది మీరు కాదు, నాన్నగారు. మీరు రాసింది చదవగానే ముందు ఈ మాట చెప్పాలనిపించింది.

మీరు రాసిన వివరాలివి. మీరు హైదరాబాదులో ఉద్యోగం. నాన్నగారు, అమ్మగారు అంబాజీపేట దగ్గర పల్లెలో ఉంటారు. ఆయనకి 58 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. పాత హీరో హోండా స్ప్లెండర్ ఇంకా లాక్కొస్తున్నారు. కొబ్బరి తోటకి, పుంత దారిలో చేలోకి, వారానికి రెండుమూడుసార్లు అమ్మగారితో అమలాపురానికి దానిమీదే తిరుగుడు. సెలవు పెట్టి వచ్చి, షోరూమ్‌లో మీరే ఒక 125 సీసీ బండి నడిపి చూసి, నచ్చితే కొనేసి సంక్రాంతి రోజు ఆయన చేతికి తాళం ఇద్దామని మీ ఆలోచన. షోరూమ్‌లో ఏమేం చూడాలో, అసలు 125 కొనాలా వద్దా చెప్పమన్నారు.

రావులపాలెం వైపు బళ్ళు రిపేరు చేసుకుంటూనే నా జీవితం గడిచింది కాబట్టి చూసింది చెబుతాను. కొడుకులు ప్రేమగా కొనిచ్చిన కొత్త బళ్ళు పశువుల పాకలో పట్టా కప్పుకుని నిలబడి ఉండటం, నాన్నలు మళ్ళీ పాత బండి కిక్ కొట్టుకుని చేలోకి పోవటం నాకు కొత్త కాదు. ఆ బళ్ళలో లోపం ఏమీ ఉండదు. ఎత్తుగా ఉంటాయి, లేదా గేర్లు తిరగేసి ఉంటాయి, లేదా మెయిన్ స్టాండ్ ఎక్కించలేకపోతారు. కొడుకు ఖర్చుపెట్టి కొన్నాడు, బాగాలేదంటే బాధపడతాడని ఆయన నోరెత్తరు. అందుకే సర్‌ప్రైజ్ మాట మానేయండి. ఆయన్ని, వీలైతే అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. మీరు ఆయనకన్నా అరడుగు పొడుగని మీరే రాశారు. మీకు హాయిగా ఉన్న బండి ఆయనకి హాయిగా ఉంటుందన్న నమ్మకం లేదు.

సంక్రాంతికి బండి కావాలంటే చూడటం మాత్రం ధనుర్మాసంలో పెట్టుకోండి. శూన్యమాసమని అప్పుడు బళ్ళు తీసుకునేవాళ్ళు తక్కువ, షోరూమ్ ఖాళీగా ఉంటుంది. ఆషాఢంలోనూ అంతే. అమ్మే కుర్రాడికి మీతో అరగంట గడిపే తీరిక దొరుకుతుంది, ట్రయల్ బండి కూడా ఖాళీగా ఉంటుంది. అదే దసరాకో శ్రావణ శుక్రవారానికో వెళ్ళారంటే కొబ్బరికాయలు కొట్టే హడావుడిలో మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. చూసి, నడిపి, బుక్ చేసి, తాళం పండగ రోజే తీసుకోండి. ముహూర్తం తాళానికే కానీ నడిపి చూడటానికి అక్కర్లేదు కదండీ.

ధనుర్మాసంలో ఇంకో లాభం ఉంది. పొద్దున్నే చల్లగా ఉంటుంది, మంచు ఉంటుంది. ఇంజన్ చలికి ఎలా స్టార్టవుతుందో అప్పుడే తెలుస్తుంది. షోరూమ్ తెరిచిన వెంటనే వెళ్ళండి. మీరొస్తున్నారని తెలిస్తే ముందే స్టార్ట్ చేసి వేడిచేసి పెడతారు. వాళ్ళు ఏ చెడు ఉద్దేశంతోనూ చేయరు, అలవాటు. ఫోన్ చేసినప్పుడే ‘బండి ముట్టుకోకండి, మేమొచ్చి స్టార్ట్ చేస్తాం’ అనండి. వెళ్ళగానే ఇంజన్ పక్కన చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. సైలెన్సర్ మీద మాత్రం పెట్టకండి.

ఫోన్‌లో ఇంకో రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, మీకు కావలసిన మోడలే ట్రయల్‌కి ఉందా అని. 100 బండి అడిగితే ‘అదీ ఇదీ ఒకటేనండి’ అని 125 చూపించేవాళ్ళున్నారు. ఒకటి కాదు. రెండోది, అది మెయిన్ డీలరా, సబ్‌డీలరా అని. మండల కేంద్రాల్లో ఉండే చిన్న షోరూములు ఎక్కువగా సబ్‌డీలర్లవే. అక్కడ కొనటం తప్పేమీ కాదు, ఇంటికి దగ్గర. కానీ వాళ్ళ దగ్గర చాలాసార్లు ట్రయల్ బండి ఉండదు. నడపటం అమలాపురంలోనో రావులపాలెంలోనో మెయిన్ డీలర్ దగ్గర నడపండి, కొనటం ఎక్కడన్నది తర్వాత చూసుకోవచ్చు.

వెళ్ళేముందు నాన్నగారి లైసెన్స్ తీసి తేదీ చూడండి. ఇది చిన్న విషయం కాదు. 55 దాటాక రెన్యూవల్ చేయిస్తే లైసెన్స్ ఐదేళ్ళకే ఇస్తారు, డాక్టర్ సర్టిఫికెట్ కూడా కావాలి. పల్లెల్లో చాలామంది పెద్దాళ్ళ లైసెన్స్ ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది, వాళ్ళకే తెలీదు. లైసెన్స్ లేకుండా ట్రయల్ ఇవ్వకూడదు, మీరు అడగనూ కూడదు. దార్లో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేది అదే. హెల్మెట్ ఇంటి నుంచి పట్టుకెళ్ళండి. అక్కడ ఇచ్చేది తలకి సరిపోదు.

ఇక షోరూమ్‌లో. ఇంజన్ స్టార్ట్ చేయకముందే సగం సంగతి తేలిపోతుంది.

నాన్నగారిని రోజూ వేసుకునే చెప్పులతోనే రమ్మనండి. లుంగీతో తిరిగే మనిషైతే లుంగీతోనే రావాలి, ప్యాంటు బూట్లతో ముస్తాబై వస్తే కొలత తప్పుతుంది. బండి మీద కూర్చోబెట్టి రెండు పాదాలూ కింద పెట్టమనండి. మడమలు కూడా ఆనితే మంచిది. కనీసం పాదం ముందు సగం గట్టిగా ఆనాలి. వేళ్ళ చివర్లు మాత్రమే తగులుతుంటే ఆ బండి వదిలేయండి. తారు రోడ్డు మీద సర్దుకోవచ్చు కానీ దాళ్వా నాట్లప్పుడు నీళ్ళు పారి జిగురుగా ఉన్న పుంతలో ఆ వేళ్ళు నిలబెట్టలేవు.

కాగితం మీద సీటు ఎత్తు చూసి నిర్ణయించకండి. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, హోండా షైన్ 100 ది 786, టీవీఎస్ రైడర్ 125 ది 780. అంకెల ప్రకారం రైడరే తక్కువ ఎత్తు. కానీ సీటు ముందు భాగం వెడల్పు, ట్యాంకు లావు తేడాగా ఉంటే కాళ్ళు పక్కకి పోతాయి, నేలకి అందే పొడవు తగ్గుతుంది. అందుకే కూర్చుని చూడాలంటున్నాను. బజాజ్ ఫ్రీడమ్ 125 అని 2024లో సీఎన్‌జీ బండి వచ్చింది, ఖర్చు తక్కువని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. దాని సీటు ఎత్తు 825. నాన్నగారి ఎత్తుకి అది ఎక్కువ. బరువు కూడా స్ప్లెండర్ మీద బాగా ఎక్కువ. అందుకని నేనైతే ఆయనకి అది చెప్పను.

తర్వాత దిగి, బండిని మెయిన్ స్టాండ్ ఎక్కించమనండి. ఒకసారి కాదు, వరసగా రెండుమూడుసార్లు. కుర్రాడు సాయం పట్టబోతే వద్దనండి. ఇంటిదగ్గర సాయం పట్టేవాళ్ళు ఉండరు. స్ప్లెండర్ 112 కిలోలు, షైన్ 100 దాదాపు 99 కిలోలు, 125 బళ్ళు ఎక్కువగా 115 నుంచి 125 దాకా ఉంటాయి. పది కిలోల తేడా నడుపుతుంటే తెలియదు. స్టాండ్ వేసేటప్పుడు, వాకిట్లో వెనక్కి లాగేటప్పుడు నడుముకి తెలుస్తుంది. మన ఇళ్ళు వరదకి భయపడి ఎత్తు మీద కట్టినవి. రోడ్డు మీంచి వాకిట్లోకి ఎక్కుడు ఉంటుంది. రాత్రి బండి లోపల పెట్టాలంటే ఆ ఎక్కుడు మీద తోయాలి. షోరూమ్‌ ముందు కూడా అలాంటి ర్యాంపు ఉంటుంది, అక్కడ ఇంజన్ ఆపి ఒకసారి పైకి తోసి, ఒకసారి పట్టుకుని వెనక్కి దింపి చూడమనండి.

ఇప్పుడు అమ్మగారి వంతు. ఆవిడ ఒక పక్కకే కూర్చుంటారనుకుంటాను. ఎక్కేటప్పుడు కాలు పెట్టుకునే చోటు అందుతోందా, పట్టుకోవటానికి చేతికి ఏదైనా ఉందా, చీర చక్రంలో పడకుండా శారీ గార్డ్ ఉందా చూడండి. చేతిపట్టు, పాదం పెట్టే చోటు, వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా మూసే అడ్డు, ఈ మూడూ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అంటే ఇవి బండితో రావలసినవే. ‘యాక్సెసరీస్’ అని విడిగా డబ్బులు రాస్తే అడగండి. స్టైలు బళ్ళలో సీటు వెనక భాగం ఎత్తుగా, కురచగా ఉంటుంది. ఆవిడ అక్కడ కూర్చుంటే ఆయన మీదకి జారుతూ ఉంటారు. ఇద్దరూ కలిసి అయిదు నిమిషాలు నిలబెట్టిన బండి మీదే కూర్చుని మాట్లాడుకోమనండి. అమ్మగారు మొహం చిట్లించారంటే వేరే బండి చూడాల్సిందే.

ఇప్పుడు గేర్ల సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే కొడుకులెవరూ దీని గురించి ఆలోచించరు.

నాన్నగారి స్ప్లెండర్‌లో న్యూట్రల్ నుంచి నాలుగు గేర్లూ ముందు వేళ్ళతో కిందికి నొక్కితే పడతాయి. తగ్గించాలంటే వెనక మడమతో నొక్కుతారు. ఏళ్ళ తరబడి ఆయన కాలు అలా అలవాటు పడింది, ఆలోచించి వేయరు. ఇప్పుడొస్తున్న ఐదు గేర్ల 125 బళ్ళలో ఎక్కువ వాటికి మొదటి గేరు కిందికి, మిగతా నాలుగూ పైకి. అంటే ముందు నొక్కితే గేరు తగ్గుతుంది, మడమతో నొక్కితే పెరుగుతుంది. పూర్తిగా తిరగేసిన లెక్క. మూడో గేరులో వస్తున్న మనిషి నాలుగు వేద్దామని అలవాటుగా ముందుకి నొక్కితే బండి రెండులోకి పడుతుంది. వెనక చక్రం గట్టిగా పట్టేసినట్టవుతుంది. పొడి రోడ్డు మీదైతే ఒక కుదుపుతో పోతుంది. ఏటిగట్టు మీద వాన పడి ఒండ్రు మట్టి చితచితలాడుతున్నప్పుడు, వెనక అమ్మగారు పక్కకి కూర్చుని ఉన్నప్పుడు, ఆ కుదుపుకి వెనక టైరు పక్కకి జారుతుంది.

కొత్త వరస నేర్చుకోలేరని కాదు. మామూలుగా నడిపేటప్పుడు నేర్చుకుంటారు. కానీ ఎదురుగా గేదె అడ్డొచ్చినప్పుడు, లారీ హారన్ కొట్టినప్పుడు కాలు పాత అలవాటుకే పోతుంది. 58 ఏళ్ళప్పుడు ఆ ప్రమాదం ఎందుకు కొనితెచ్చుకోవాలి అన్నది నా ప్రశ్న. అందుకని ఏ బండి చూసినా ఎక్కకముందే గేర్ల వరస అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే మెకానిక్‌ని పిలిపించండి. స్ప్లెండర్ వరసే ఉన్న బండి దొరికితే సగం బెంగ తీరుతుంది. వేరే వరస ఉన్న బండే కావాలని ఆయనే పట్టుబడితే, మెయిన్ స్టాండ్ మీద ఇంజన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ కాసేపు గేర్లు వేయించి, ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీదకి పంపండి.

నడిపే దారి గురించి. షోరూమ్ వాళ్ళు మెయిన్ రోడ్డు మీద బంకు దాకా వెళ్ళి తిరిగి రమ్మంటారు. 216 జాతీయ రహదారి మీద 50లో వెళితే ఏ కొత్త బండైనా బాగానే ఉంటుంది. ఆ వేగంలో 100 బండికీ 125 బండికీ నాన్నగారు తేడా చెప్పలేరు, నేనూ చెప్పలేను. తేడా బయటపడేది నిదానంలో. నడకకన్నా కాస్త ఎక్కువ వేగంలో, ఎక్కుడు మీద, మలుపులో, బరువుతో. ఆయన తిరిగేదంతా అలాంటి దారే కాబట్టి చూడాల్సిందీ అక్కడే. కుర్రాణ్ణి వెనక ఎక్కించుకుని ‘కాలువ గట్టు మీదకి పోదాం’ అనండి. అమలాపురంలో ఏ షోరూమ్ నుంచైనా కాలువ, వంతెన ఎంతో దూరం ఉండవు.

గట్టు మీద రెండో గేరులో 12, 15 కిలోమీటర్ల వేగంతో కొంతదూరం పోనివ్వమనండి. ఇంజన్ దగ్గినట్టు గుంజుతోందా, సాఫీగా లాగుతోందా చూడాలి. తోటలో కాయల మధ్య, బోదెల పక్కన బండి పోయేది ఈ వేగంలోనే. తర్వాత ఇరుకు చోట కాలు కింద పెట్టకుండా పూర్తిగా వెనక్కి తిప్పమనండి. హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు చెయ్యి ట్యాంకుకి తగిలితే, మోకాలు హ్యాండిల్‌కి అడ్డొస్తే అక్కడే తెలిసిపోతుంది. న్యూట్రల్ వెంటనే పడుతోందా, క్లచ్ నొక్కటానికి వేళ్ళు నొప్పి పుడుతున్నాయా అని అడగండి. కీళ్ళ నొప్పులున్నవాళ్ళు క్లచ్ బరువుని మనసులోనే దాచుకుంటారు, మీరే అడగాలి.

ఆ తర్వాత అసలైన పరీక్ష. వంతెన ఎక్కుడు మధ్యలో బండి ఆపించండి. మీరు వెనక కూర్చోండి. అక్కడ్నుంచి బయల్దేరమనండి. ఊళ్ళోంచి ఏటిగట్టు మీదకి ఎక్కే ర్యాంపులు మీకు తెలిసినవే, చిన్నవే కానీ నిటారుగా ఉంటాయి. ఎదురుగా ట్రాక్టర్ దిగుతుంటే మధ్యలో ఆగక తప్పదు. 100 బండి అక్కడ్నుంచి క్లచ్ ఎక్కువ కాల్చకుండా, వెనక్కి జారకుండా మిమ్మల్నిద్దర్నీ లాగగలిగితే ఇంక 125 అక్కర్లేదు. లాగలేక ఆయన చాలా రేజ్ చేయాల్సొస్తే, అప్పుడు 110, 125 వైపు చూడటంలో అర్థముంది. 125 కొనాలా వద్దా అన్న మీ ప్రశ్నకి జవాబు ఆ ఎక్కుడే చెబుతుంది, నేను కాదు.

బరువు మాట వచ్చింది కనుక చెబుతున్నా. ఈ తరగతి బళ్ళు మోయటానికి కంపెనీ ఒప్పుకునే బరువు, నడిపే మనిషితో కలిపి, ఇంచుమించు 130 కిలోలే. మాన్యువల్‌లో ఖచ్చితమైన అంకె ఉంటుంది, అడిగి చూడండి. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు. నాన్నగారు 65 కిలోలుంటే ఒక బస్తా వెనక కట్టుకోవటం వరకు పరవాలేదు. రెండు బస్తాలు, లేదా బస్తాతో పాటు అమ్మగారు అంటే హద్దు దాటినట్టే. కొబ్బరికాయల బస్తాల సంగతి చెప్పనే అక్కర్లేదు, తోటలో ఎంత బరువు కడతారో నాకు తెలుసు. వెనక షాకబ్జర్లని బిగించే మెట్లు ఎక్కువ బళ్ళలో ఉంటాయి, స్ప్లెండర్‌లో ఐదు. షోరూమ్ నుంచి వచ్చేటప్పుడు మెత్తటి మెట్టు మీదే ఉంటాయి. ఇద్దరు కూర్చున్నప్పుడు స్పీడ్‌బ్రేకర్ మీద వెనక దబ్బున తగిలితే ‘సస్పెన్షన్ బాగాలేదు’ అని వదిలేయకండి. రెండు మెట్లు బిగించమని చెప్పి మళ్ళీ ఎక్కించండి. టైర్లలో గాలి కూడా ముందే చూపించుకోండి. ట్రయల్ బళ్ళలో గాలి సరిగ్గా ఉండటం అరుదు. గాలి తక్కువైతే హ్యాండిల్ బరువుగా, ఎక్కువైతే బండి ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది, ఆ తప్పు బండి మీద పడుతుంది.

బ్రేకులు. పాత స్ప్లెండర్‌లో కాలి బ్రేకు వేస్తే వెనక చక్రమే ఆగుతుంది. ఇప్పుడు 125 సీసీ లోపు బళ్ళన్నిటికీ సీబీఎస్‌ గానీ ఏబీఎస్‌ గానీ, అంటే బ్రేకు వేసినప్పుడు బండి జారకుండా చూసే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి, ఈ తరగతిలో ఎక్కువగా వచ్చేది సీబీఎస్. అంటే కాలి బ్రేకు నొక్కితే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. రోడ్డు మీద ఇది మంచిదే, ముందు బ్రేకు అసలు వాడని మనుషులకి మరీ మంచిది. కాలి బ్రేకు మీదే బతికిన నాన్నగారికి మొదట్లో బండి ముందుకి వంగినట్టు అనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద 30 వేగంలోంచి నాలుగైదుసార్లు ఆపించండి, అలవాటవుతుంది. బురదలో, ఇసుకలో ముందు చక్రానికి బ్రేకు పడితే హ్యాండిల్ తేలిపోయినట్టవుతుంది. కాబట్టి పుంతలో బ్రేకు తొక్కటం తగ్గించి గేరు దించి, రేజ్ వదిలి నిదానించటం ఆయనకి గుర్తుచేయండి. బండి మీద చెయ్యి తిరిగిన మనిషి కనుక ఆ పని ఆయనకి మీకన్నా బాగా వచ్చి ఉంటుంది.

పాత బండి నుంచి వచ్చేవాళ్ళని తికమకపెట్టేవి ఇంకా ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, అంటే పొగ తగ్గించే కొత్త నిబంధన, వచ్చాక ఈ బళ్ళలో ఎక్కువ వాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ వచ్చింది. అలాంటి వాటికి చోక్ ఉండదు, పెట్రోలు కాక్ ఉండదు, రిజర్వ్‌కి తిప్పటం ఉండదు. పెట్రోలు అయిపోవస్తే మీటర్‌లో లైటో గీతో కనిపిస్తుంది, అంతే. ట్యాంకు పూర్తిగా ఎండేదాకా నడపకూడదు. పెట్రోలు పంపుకి చల్లదనం పెట్రోలు వల్లనే వస్తుంది. చాలా బళ్ళలో సైడ్ స్టాండ్ వేసి ఉంటే గేరులో ఇంజన్ నడవదు. బండి పాడైందని మా దగ్గరికి ఆటోలో వేసి తెచ్చినవాళ్ళున్నారు, స్టాండ్ తీస్తే స్టార్టయింది. హెడ్‌లైట్ పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది, ఆపే స్విచ్ ఉండదు, అది నిబంధనే. ఇవన్నీ కుర్రాడి చేత నాన్నగారికే చెప్పించండి, మీకు కాదు. కిక్ ఉన్న బండే తీసుకోండి. కొన్ని 125 బళ్ళలో కిక్ తీసేశారు. తుఫాను వచ్చి రెండు రోజులు బండి కదలకపోతే, బ్యాటరీ నీరసపడితే కిక్ విలువ అప్పుడు తెలుస్తుంది.

హెడ్‌లైట్ చూడటానికి వీలైతే సాయంత్రం ఇంకోసారి వెళ్ళండి. చీకటి పడ్డాక కాలువ గట్టు మీద కాస్త దూరం పోతే చాలు. వీధిలైట్లు లేని దారిలో వెలుతురు దూరానికి పడటం కన్నా పక్కకి పరుచుకోవటం ముఖ్యం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. మార్జిన్ కనపడాలి. మలుపులో నిదానించినప్పుడు వెలుతురు తగ్గిపోతోందా కూడా చూడండి. రొయ్యల చెరువుల దారిలో రాత్రిపూట పురుగులు మొహం నిండా కొడతాయి, హెల్మెట్‌కి అద్దం ఉండటం అందుకే.

ఉప్పు గాలి, ఒండ్రు, వాన ఉన్న చోట చైన్ నిండా మూసి ఉండే కవర్ ఉన్న బండి మంచిది. స్ప్లెండర్ లాంటి వాటికి అలా ఉంటుంది. బయటికి కనిపించే చైన్ చూడటానికి బాగుంటుంది కానీ పుంత బురదకి నెలల్లోనే అరుగుతుంది. చువ్వల చక్రాలకి తుప్పు తొందరగా వస్తుంది, అల్లాయ్ ఉన్నది తీసుకోండి. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ పడ్డా గాలి నిదానంగా దిగుతుంది, తోటలోంచి ఇంటికి చేరతారు.

ఇంకో పని, ఇది షోరూమ్ బయట చేయాల్సింది. మీ ఊరికి దగ్గర్లో నాన్నగారు నమ్మే మెకానిక్ ఒకాయన ఉంటాడు కదా. ఆయన్ని అడగండి, ఏ కంపెనీ సామాను తన దగ్గర ఉంటుందో, ఇంజెక్షన్ బండికి లోపం చూసే స్కానర్ ఉందో లేదో. బ్రేక్ షూలకీ క్లచ్ కేబుల్‌కీ అమలాపురం పోవాల్సిన బండి పల్లెలో బరువే. ఫ్రీ సర్వీసులు అయిపోయాక నాన్నగారు వెళ్ళేది ఆయన దగ్గరికే.

మీరు మోడల్ పేరు చెప్పమన్నారు. చూడకుండా చెప్పటం నాకిష్టం ఉండదు కానీ, మీరు రాసిన దాన్నిబట్టి మొదట స్ప్లెండర్ ప్లస్, హోండా షైన్ 100 రెండూ నడిపించండి. మొదటిది ఆయన కాలికి, చేతికి తెలిసిన బండి. రెండోది తేలిక. వంతెన ఎక్కుడు దగ్గర ఈ రెండూ చాలవనిపిస్తే అప్పుడు 125 చూడండి, గేర్ల వరస అడిగి మరీ. 150, 160 బళ్ళ దగ్గరికి వెళ్ళనే వద్దు. స్కూటర్ చెప్పేవాళ్ళుంటారు. ఊళ్ళో అమ్మగారికి సౌఖ్యమే కానీ చిన్న చక్రాలతో పుంతలో బస్తా మోయటం కష్టం.

డబ్బు కాగితాలు తొందరగా చెప్పేస్తాను. పాత ధరలు చూసి లెక్క వేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నోటిమాట కాకుండా కాగితం మీద విడివిడిగా రాయించుకోండి: బండి ధర, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, సామాన్లు. ‘హ్యాండ్లింగ్’ అని ఉంటే అదేమిటో అడిగి తీయించండి. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్ళకి కట్టి తీరాలి, 2018 సెప్టెంబరు నుంచి అదే నియమం. కానీ ఆ పాలసీ షోరూమ్‌లోనే తీసుకోవాలని ఎక్కడా లేదు. బయట ధర కనుక్కుని వెళ్ళండి, అక్కడే తగ్గిస్తారు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ బండితో ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

యానాంలో టాక్స్ తక్కువ, అక్కడ తీసుకోమని మీ చుట్టాలెవరో అన్నారని రాశారు. యానాం పుదుచ్చేరిది, నంబరు పీవై 04 వస్తుంది. అక్కడ నివాసం లేకుండా ఎవరి అడ్రసో పెట్టి రిజిస్టర్ చేయిస్తే అది చట్టానికి విరుద్ధం. ఒక రాష్ట్రం నంబరుతో ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ నంబరు మార్పించుకోవాలి, టాక్సూ కట్టాలి. మిగిలేది ఏమీ ఉండదు, పెద్దాయనకి రోడ్డు మీద ఆపినప్పుడల్లా సంజాయిషీ తప్ప.

సంక్రాంతికి తీసుకుంటున్నారు కనుక ఇదొకటి చూడండి. అమ్మకం సర్టిఫికెట్, అంటే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. జనవరిలో పోయినేడాది బండి అంటగట్టడం మామూలే. పాతది ఇస్తే ఇవ్వనివ్వండి, దానికి తగ్గట్టు ధర తగ్గించమనండి. తాళం తీసుకునే రోజు పూజ అయ్యాక తొందరపడి బయల్దేరకండి. టైర్లలో గాలి, షాకబ్జర్ మెట్టు, అద్దాలు, క్లచ్ లివర్ ఆట నాన్నగారికి సరిపడేట్టు అక్కడే పెట్టించండి. ముందు చక్రం, వెనక చక్రం విడివిడిగా ఎత్తి తిప్పి చూడమనండి. ఇంటిదాకా ఆయనే నడపాలి. మీరు పాత స్ప్లెండర్ మీద వెనకాల రండి, అమ్మగారిని మీ బండి మీద ఎక్కించుకుని. కొత్త బండి మీద మొదటి నాలుగు రోజులూ ఆయన ఒక్కరే తిరిగితే మంచిది.